కడపలో హెడ్ పోర్టింగ్‌కి ఇచ్చేవాళ్లు ముందు ఇది చదవండి

షాపు పేరు రాయడం లేదు. కడపలో బండ్ల పిచ్చి ఉన్నవాళ్లకి చెప్పకుండానే అర్థమవుతుంది, ఆ పాలిష్ వీడియోలు మీరూ చూసే ఉంటారు.

నాది రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350, పాత కార్బురేటర్ బండి. ఇంజన్ పైభాగం, అంటే హెడ్ ఒక్కటే విప్పి పోర్టింగ్‌కి ఇచ్చాను. హెడ్‌లో గాలీ పొగా పోయే దారుల్ని (పోర్టుల్ని) అరగదీసి నున్నగా చేసే పని అది. చేతి గ్రైండర్ పని కాదు, అబ్రేసివ్ ఫ్లో అన్నారు. అంటే సిలికాన్ కార్బైడ్ రవ్వ కలిపిన జిగురు ముద్దని ప్రెషర్‌తో పోర్ట్‌లోకి అటూ ఇటూ తోస్తారు. గ్రైండర్ బిట్ అందని వంపు కూడా సమానంగా అరుగుతుంది. నిజంగా ఆ పని చేస్తే 14,000 ఎక్కువేం కాదనుకుని మొత్తం ముందే కట్టేశాను.

తిరిగొచ్చిన హెడ్ తళతళలాడింది. ఆ మెరుపు చూసి ఇంకేమీ అడగలేదు, అది నా తప్పే. మా మెకానిక్ బిగించాడు. ఆదివారం రాయచోటి వెళ్తుంటే, ఎప్పుడూ మూడో గేరులో ఎక్కే గువ్వలచెరువు ఘాట్‌లో రెండో గేరుకి దించినా బండి లాగలేదు. పాలకోవా అంగళ్ల దగ్గర ఆపి చూస్తే సైలెన్సర్ నుంచి నీలం పొగ.

విప్పితే సిలిండర్ గోడ మీద నిలువు గీతలు, గోరు పెడితే తట్టేంత లోతు. వాల్వ్ గైడ్‌లో (వాల్వ్ కాడ జారే గొట్టం) తెల్లగుడ్డ తిప్పితే బూడిదరంగు మడ్డి వచ్చింది, వేళ్ల మధ్య నలిపితే గరగర. కడగకుండానే ఇచ్చేశారు! గాలి లోపలికి వెళ్లే ఇన్‌టేక్ పోర్ట్‌లో వేలు పెట్టాను. రెండు కణుపుల దాకా నున్నగా ఉంది. అక్కడి నుంచి వంపంతా కంపెనీలో పోతపోసినప్పటి గరుకే. ముద్ద తోసిన పోర్ట్ సగంలో ఎలా ఆగుతుంది? పైగా నోరు అవసరానికి మించి వెడల్పు చేశారు. గాలి వేగం పడిపోయి కింది ఆర్‌పీఎంలో లాగుడు పోయింది అందుకే.

హెడ్ పట్టుకుని షాపుకి వెళ్లాను. "ఆ మిషన్ ఒకసారి చూపించన్నా" అన్నాను, గొంతు కూడా పెంచలేదు. "అది బెంగుళూరులో ఉంటాది, నీకేం పని?" అన్నాడు. డబ్బు కట్టిన రోజు లోపలి గదిలోనే ఉందని చెప్పింది ఈయనే. పోనీ వేలు పెట్టి చూడన్నా అన్నాను. చూడలేదు. "నాలుగు వీడియోలు చూసి నాకు నేర్పిస్తావా అబ్బీ? నీకు బండి నడపడం రాక ఇంజన్ పాడు చేసుకోని వచ్చినావు" అంటూ హెడ్ నా చేతిలోంచి లాక్కుని ఇనుప బల్ల మీద పడేశాడు. బోర్లా పడింది. గాస్కెట్ కూర్చునే ముఖం మీద బియ్యపు గింజంత నొక్కు. నున్నగా ఉండాల్సింది అదొక్కటీ, అదీ పోయింది. అక్కడ ఐదారుగురు కస్టమర్లు ఉన్నారు, ఒక్కరూ నోరు తెరవలేదు. నేనూ ఏమీ అనలేక హెడ్ చొక్కాకి తుడుచుకుని బయటికొచ్చేశాను. రాత్రి నిద్ర పట్టలేదు. రీబోర్ (సిలిండర్ గోడ మళ్లీ కోయించడం), పిస్టన్, రింగులు, గైడ్లు, ఈ ఖర్చంతా ఇప్పుడు నా నెత్తినే.

ఎక్కడ ఇచ్చినా సరే, మిషన్ కళ్లతో చూసి ఇవ్వండి. పోర్ట్‌లోంచి ఎంత గాలి పోతుందో కొలిచే ఫ్లో బెంచ్ మీద పనికి ముందూ తర్వాతా సీఎఫ్ఎం (నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి) రీడింగ్ రాయించుకోండి. వాల్వులు వేశాక పోర్ట్‌లో కిరోసిన్ పోసి కారుతుందేమో చూడండి. డబ్బు మొత్తం ముందే ఇవ్వొద్దు. ఈ వారంలో అక్కడి నుంచి హెడ్ తెచ్చుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి బిగించకండి, గైడ్లలో తెల్లగుడ్డ తిప్పి చూడండి. నా సిలిండర్ బోర్ ఫొటోలు కావాలంటే పంపిస్తాను.