చలికాలపు ప్యాడిల్‌బోర్డింగ్: కొంకర్లు పోయిన వేళ్లకు లొంగిన సామగ్రి

చలికాలంలో ప్యాడిల్‌బోర్డు (నిలబడి తెడ్డు వేస్తూ నీటి మీద సాగే పలక) మీదికి అవసరమయ్యే సామగ్రిని వెచ్చని గదిలో చేతిలోకి తీసుకుని చూస్తే దాని మంచిచెడులు తెలియవు. కొన్నేళ్లుగా చలికాలమంతా వాడుతూ వచ్చిన మీదట నేను ప్రతి వస్తువుకూ ఒకే పరీక్ష పెడుతున్నాను. నీళ్లలో ఉండగా, వేళ్లు కొంకర్లు పోయిన స్థితిలో, చూడకుండా, ఒంటిచేత్తో దానిని వాడగలనా? ఈ పరీక్షకు నిలిచినవే నా సంచిలో మిగిలాయి. నిలవనివి, ఎంత ఖరీదైనవైనా, అటకెక్కాయి.

పరీక్ష ఇంత కఠినంగా ఉండడానికి కారణముంది. నీరు శరీరం నుంచి వేడిని గాలికన్నా దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. 15 డిగ్రీల సెల్సియస్ కన్నా చల్లని నీటిలో హఠాత్తుగా పడినవారు తమ ప్రమేయం లేకుండానే ఒక్కసారిగా ఊపిరి లోపలికి పీలుస్తారు. ఆ క్షణంలో తల నీటి కింద ఉంటే లోపలికి వెళ్లేది నీరే. కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయ ఆచార్యుడు గోర్డన్ గీస్‌బ్రెక్ట్ ప్రచారంలోకి తెచ్చిన 1-10-1 సూత్రం ప్రకారం, గడ్డకట్టేంత చల్లని నీటిలో ఊపిరిని అదుపులోకి తెచ్చుకోవడానికి 1 నిమిషం, చేతులు మన మాట వినేందుకు సుమారు 10 నిమిషాలు, స్పృహ తప్పే వరకు సుమారు 1 గంట ఉంటాయి. సామగ్రి ఎంపికలో నాకు ముఖ్యమైనది నడుమ ఉన్న ఆ 10 నిమిషాలే.

దుస్తుల విషయంలో ఎక్కువకాలం తర్జనభర్జన పడ్డాను. ఛాతీ దగ్గర 4, కాళ్లూచేతుల దగ్గర 3 మిల్లీమీటర్ల మందం గల వెట్‌సూట్ (ఒంటికి అంటుకుని ఉండే నియోప్రీన్ రబ్బరు సూటు) నీటిలో పడినప్పుడు బాగానే కాపాడుతుంది, కాని ప్యాడిల్‌బోర్డు మీద మనం గడిపే సమయంలో అధికభాగం నిలబడి, గాలికి ఎదురుగా గడుస్తుంది. తడిసిన నియోప్రీన్ మీద గాలి వీచినప్పుడు వచ్చే వణుకు, తెడ్డు వేసే ప్రతిసారీ భుజాల దగ్గర బట్ట వెనక్కి లాగడం వల్ల వచ్చే అలసట, ఈ రెండూ కలిసి నన్ను డ్రైసూట్ వైపు, అంటే మెడ, మణికట్ల దగ్గర బిగుతైన లేటెక్స్ (పలుచని రబ్బరు) పట్టీలతో నీటిని లోపలికి రానివ్వని సూటు వైపు నడిపించాయి. అయితే డ్రైసూట్ మనిషిని పొడిగా ఉంచుతుందే తప్ప వెచ్చగా ఉంచదు. వెచ్చదనమంతా లోపల వేసుకున్న ఉన్ని లేదా ఫ్లీస్ దుస్తులదే. నూలు బనియను మాత్రం చెమటతో తడిసిందంటే ఇక ఆరదు, ఒంట్లోని వేడిని తోడేస్తూనే ఉంటుంది. సూట్ తొడుక్కున్నాక గొంతుక్కూర్చుని, మెడ పట్టీని వేలితో కొద్దిగా ఎడం చేసి లోపలి గాలిని వెళ్లగొట్టడం నాకు అలవాటైపోయింది, ఎందుకంటే లోపల గాలి నిలిచిపోతే నీటిలో పడినప్పుడు అది కాళ్లలోకి చేరి ఈతకు అడ్డుపడుతుంది. జిప్పుకు తరచుగా మైనం రాయాలి. లేటెక్స్ పట్టీలను ఎండకూ నూనెకూ దూరంగా ఉంచాలి. ఈ చాకిరీకి ఓపిక లేనివారు మందమైన వెట్‌సూట్‌తోనే సరిపెట్టుకోవడం మేలు.

చేతి తొడుగుల్లో 3 మిల్లీమీటర్లకు మించినవి నాకు నచ్చలేదు. మందం పెరిగేకొద్దీ తెడ్డు మీద పట్టు తగ్గి ముంజేతులు త్వరగా అలసిపోతాయి. కాళ్లకు 5 మిల్లీమీటర్ల బూట్లు వాడుతున్నాను, వాటి మీద ఫిర్యాదు లేదు.

నడుముకు కట్టుకునే, తాడు లాగితే గాలి నిండే లైఫ్ బెల్టు వేసవిలో హాయిగానే ఉంటుంది, కాని చలిలో దాని పిడిని వెతికి, లాగి, ఉబ్బిన భాగాన్ని తల మీదుగా వేసుకోవాలంటే కొంకర్లు పోయిన వేళ్లతో అయ్యే పని కాదు. ఫోమ్‌తో చేసిన మామూలు లైఫ్ జాకెట్‌కు ఏ ప్రయత్నమూ అక్కరలేదు, పైగా ఛాతీకి వెచ్చదనం అదనం. మనిషిని బోర్డుకు కట్టి ఉంచే తాడైన లీష్ విషయంలో నిశ్చలమైన నీటికి చుట్టలుగా ఉండే రకాన్ని పిక్కకు కట్టుకుంటాను. ప్రవాహమున్న చోట లీష్ కొమ్మకో రాయికో చిక్కుకుంటే కాలి దగ్గరికి చేయి అందదు కాబట్టి, నడుము దగ్గర ఒక్కసారి లాగితే ఊడిపోయే బెల్టుతో కూడినదే వాడాలి. దాని పిడి తొడుగు వేసుకున్న చేతికి తగినంత పెద్దదిగా ఉందో లేదో కొనేముందే చూసుకోవాలి.

గాలి నింపే బోర్డుదొక చిత్రం. 20 డిగ్రీల గదిలో 15 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలమానం) వరకు నింపిన బోర్డు 5 డిగ్రీల నీటిలో చల్లబడేసరికి సుమారు ఒకటిన్నర పీఎస్‌ఐ కోల్పోయి కాళ్ల కింద మెత్తబడుతుంది, కాబట్టి నీటి ఒడ్డునే నింపడం, కొంతసేపయ్యాక మరోసారి చూసుకోవడం మంచిది. అల్యూమినియం తెడ్డు చేతుల్లోని వేడిని లాగేస్తుంది. కార్బన్ తెడ్డుకు మారడానికి నాకు బరువుకన్నా ఇదే పెద్ద కారణం.

అసలు ప్రమాదకరమైనది నడి చలికాలం కాదని నా అభిప్రాయం. చలి తగ్గుముఖం పట్టి ఎండ వెచ్చగా తగిలే రోజుల్లో కూడా నీరు ఇంకా చల్లగానే ఉంటుంది, జనం మాత్రం చొక్కాలతో బోర్డెక్కుతారు. అందుకే నేను థర్మామీటరును తాడుతో నీటిలోకి దించి చూశాకే ఏం తొడుక్కోవాలో తేల్చుకుంటాను.

లైఫ్ జాకెట్‌కు ఈల కట్టి ఉంటుంది. ఫోన్ నీరు చొరని సంచిలో, లోపలి దుస్తుల జేబులో, ఒంటికి దగ్గరగా ఉంటుంది, ఎందుకంటే చలికి బ్యాటరీ త్వరగా చతికిలబడుతుంది. ఉన్ని టోపీ, ఒక జత పొడి బట్టలు, తీపి టీతో ఫ్లాస్కు బోర్డు మీది డ్రై బ్యాగులో ఉంటాయి. ఒడ్డున బట్టలు మార్చుకోవడానికి గాలి చొరని పొడవాటి అంగీ ఉంది. మొద్దుబారిన చేతులతో మణికట్టు పట్టీలను విడిపించుకునే ఆ కాసేపట్లో దాని విలువ తెలుస్తుంది. ఆ పట్టీలకే ఇప్పుడు సన్నని పగుళ్లు కనిపిస్తున్నాయి కాబట్టి వచ్చే చలికాలంలోగా వాటిని మార్పించాలి. తక్కిన సామగ్రిలో దేనినీ మార్చే ఉద్దేశం లేదు.