ఫ్లాట్‌లో కోపీపాడ్‌ల పెంపకం: మూడు వేసవులు దాటాక

ముందే చెప్పేస్తాను. మీ ఉప్పునీటి ట్యాంకులో క్లౌన్ చేపలు, ఒకటి రెండు డామ్సెల్‌లు మాత్రమే ఉంటే ఈ పని పెట్టుకోకండి. అవి గుళికలు తింటాయి, ఫ్రోజెన్ రొయ్య తింటాయి, మీరు ఊరెళ్తే ఒకటి రెండు రోజులు పస్తు కూడా ఉంటాయి. కోపీపాడ్‌లు (రొయ్యల్లాంటి నలకంత నీటి పురుగులు) కావాల్సింది మాండరిన్ లాంటి చేపలకు. లైట్లు వెలిగింది మొదలు ఆరేదాకా రాళ్ల మీద ఒక్కొక్క పురుగునీ ఏరుకుని తింటూ తిరిగే చేప అది. పూటకోసారి తిండి వేస్తామంటే దానికి సరిపోదు. పొట్ట లోపలికి పోతుంది, ఒళ్లు ఎండి ఎముకలు తేలతాయి, చివరికి చచ్చిపోతుంది. దుకాణాల్లో కనిపించే మాండరిన్‌లలో చాలావరకు అప్పటికే ఆ దారిలో ఉంటాయి. "పెట్టేయండి సార్, అదే అలవాటు పడుద్ది" అంటారు. కొన్ని పడతాయి, నిజమే. ఎక్కువ భాగం పడవు.

నాది హైదరాబాద్ మియాపూర్‌లో ఫ్లాటు, నాలుగడుగుల ట్యాంకు, అందులో ఒక మాండరిన్. మూడు వేసవులు దాటాయి, చేప పొట్ట గుండ్రంగానే ఉంది. కాబట్టి పద్ధతి పనిచేస్తుందా అంటే పనిచేస్తుంది. అయితే కొనుక్కునే కోపీపాడ్ సీసా మీద రాసినంత తేలిగ్గా కాదు. అసలు చాకిరీ ఆ సీసాలో వచ్చే పురుగులతో ఉండదు, వేరేచోట ఉంటుంది.

విదేశీ వీడియోలు చూసి మొదలుపెట్టేవాళ్లకు ఒక సంగతి తెలియాలి. అక్కడ సముద్రం నుంచి తీసిన లైవ్ రాక్ కొనుక్కొచ్చి ట్యాంకులో పెడతారు. దాని సందుల్లోనే బోలెడు కోపీపాడ్‌లు వచ్చేస్తాయి. మన దేశంలో పగడాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. సముద్రంలోంచి పగడపు రాయి తీయడం నేరం. అందుకే ఇక్కడ చాలా ట్యాంకులు ఎండు రాయితోనో, సిరామిక్ రాయితోనో మొదలవుతాయి. అందులో ప్రాణి అన్నది ఉండదు. మనం బయటి నుంచి తెచ్చి వేస్తేనే కోపీపాడ్ వస్తుంది, రాళ్ల సందుల్లో నిలదొక్కుకునేదాకా వేస్తూనే ఉండాలి. ఒక సీసా పోసి మర్నాడే మాండరిన్ కొనడమంటే ఆ సీసా డబ్బు, ఆ చేప డబ్బు రెండూ పోగొట్టుకోవడమే. రాళ్లలో అవి స్థిరపడేందుకు నెలలు ఇవ్వాలి.

జాతుల విషయానికొస్తే, నేను మూడు వాడాను. టిగ్రియోపస్ చూడ్డానికి బాగుంటుంది. ఎర్రగా, నారింజ రంగులో, కంటికి స్పష్టంగా కనిపించేంత పెద్దది, మిల్లీమీటరు దాటుతుంది. కాలిఫోర్నియా తీరంలో అలల తుంపర్లతో నిండే రాతి గుంటల్లో బతికే జీవి కాబట్టి ఉప్పు హెచ్చినా తగ్గినా తట్టుకుంటుంది. చేపలకు మహా ఇష్టం. చిక్కంతా అక్కడే. ట్యాంకులో వేసిన కాసేపటికే అన్ని చేపలూ కలిసి ఊడ్చేస్తాయి, రాళ్లలో సంతతి మిగలదు. తినిపించడానికి మంచిది, స్థిరపరచడానికి కాదు. టిస్బే దీనికి పూర్తిగా వేరు. తెల్లగా, నలకంత ఉంటుంది. రాళ్లకీ అద్దాలకీ అంటిపెట్టుకుని పాకుతుంది, సందుల్లో దాక్కుంటుంది. వెచ్చగా ఉంటే గుడ్డు నుంచి పెద్దది కావడానికి సుమారు పది పన్నెండు రోజులు పడుతుంది. ట్యాంకులో జనాభా నిలబెట్టేది ఇదే. మూడోది అపోసైక్లాప్స్. ఇది ఉష్ణమండలపు జాతి, దీని పిల్లలు నీళ్లలో ఈదుతూ తిరుగుతాయి. మన ఊరి ఎండకు ఎక్కువగా ఓర్చుకున్నది ఇదే. ఒక్కటే కొనగలిగితే టిస్బే కొనండి, రెండు కొనగలిగితే అపోసైక్లాప్స్ కలపండి. టిగ్రియోపస్ మీ సరదా.

ఇక్కడ దొరికే స్టార్టర్ సీసాలు ఎక్కువగా చెన్నై, బెంగళూరు, ముంబై వైపు పెంపకందార్ల నుంచి కొరియర్‌లో వస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో తెప్పించుకోకండి. నాకు ఒకసారి వచ్చిన సీసా తెరిస్తే కుళ్లిన గుడ్డు వాసన కొట్టింది. అమ్మినాయన "కొరియర్ వాళ్లది సార్ తప్పు" అన్నాడు, కొరియర్ వాళ్లు అసలు ఏమీ అనలేదు. వచ్చిన సీసాను టార్చి వెలుగులో పెట్టి చూడండి. వెలుగు చుట్టూ చుక్కలు కదలాలి. కదలకపోతే అప్పుడే వీడియో తీసి పంపండి, తర్వాత ఎవరూ వినరు.

ఇప్పుడు అసలు విషయం. కోపీపాడ్‌లు పెంచడమంటే నిజానికి వాటి తిండి అయిన ఆల్గీని (నీళ్లలో తేలే సూక్ష్మమైన నాచును) పెంచడమే. బాపట్ల వైపు రొయ్యల హేచరీలో పనిచేసే మా బావమరిది మొదట్లోనే అన్నాడు: "బావా, పురుగు సంగతి తర్వాత. ముందు ఆల్గీ రూమ్ చూసుకో." వాళ్ల హేచరీల్లో రొయ్య పిల్లలకు ఇదే తంతు, రోజూ పొద్దున మొదట చూసేది ఆల్గీ ట్యాంకుల రంగే. మనకి రూమ్ ఎక్కడిది, వంటగది పక్కన యుటిలిటీలో ఒక షెల్ఫు. దాని మీద ఎల్ఈడీ ట్యూబులు, ఐదు లీటర్ల జాడీలు, ఎయిర్ పంపు. ఆల్గీ స్టార్టర్‌తో పాటు ఎఫ్ బై టూ అనే ఎరువు అమ్ముతారు. 1962లో శాస్త్రవేత్తలు గిలార్డ్, రైథర్ ప్రకటించిన ఎఫ్ మాధ్యమాన్ని సగానికి పలుచన చేసినదది. ఇప్పటికీ ప్రపంచమంతా ఎక్కువగా దాన్నే వాడుతోంది.

నానోక్లోరాప్సిస్ అనే ఆల్గీతో మొదలుపెట్టండి. కణం రెండు మూడు మైక్రాన్లే, కానీ మొండిది, సులువుగా చావదు. దాంట్లో ఈపీఏ అనే కొవ్వు ఆమ్లం బాగా ఉంటుంది, డీహెచ్ఏ అనే మరో కొవ్వు ఆమ్లం దాదాపు ఉండదు. డీహెచ్ఏ కోసం ఐసోక్రైసిస్ అనే మరో ఆల్గీ పెంచమంటారు. బంగారు గోధుమ రంగులో చూడ్డానికి ఎంత బాగుంటుందో, పెంచడానికి అంత సుకుమారం. నా దగ్గర ప్రతి ఎండాకాలం చచ్చింది. టిస్బే, టిగ్రియోపస్ లాంటివి డీహెచ్ఏను కొంతవరకు తమంతట తామే తయారు చేసుకోగలవు కాబట్టి నానోతో బండి నడుస్తుంది. మధ్యేమార్గం టెట్రాసెల్మిస్. దాని కణం పెద్దది, కోపీపాడ్‌లు ఇష్టంగా తింటాయి, నీళ్లు ముదురు ఆకుపచ్చగా తిరుగుతాయి. ఇప్పుడు నా షెల్ఫు మీద ఉన్నవి ఈ రెండే.

జాడీ ముదురు పచ్చగా అయ్యాక సగం తీసి ఫ్రిజ్‌లో పెట్టి, మిగతా సగంలో కొత్త ఉప్పునీళ్లు, ఎరువు పోస్తాను. పెరుగుకి తోడు ఉంచుకున్నట్టే. ఫ్రిజ్‌లో పెట్టిన నానో కొన్ని వారాలు బాగానే ఉంటుంది, రోజూ ఒకసారి సీసా కుదపాలి. మా అమ్మ మజ్జిగ గిన్నె పక్కనే ఈ పచ్చనీళ్ల సీసా ఉండటం మా ఇంట్లో ఇప్పటికీ తేలని పంచాయితీ.

ఒక్క నియమం మాత్రం కఠినంగా పాటించాలి. కోపీపాడ్ టబ్బులో ముంచిన ట్యూబు, గరిటె, చెయ్యి ఏదీ ఆల్గీ జాడీ దగ్గరికి రాకూడదు. ఆల్గీని తినే సూక్ష్మజీవులైన రోటిఫర్‌లు దూరాయంటే జాడీ చూస్తుండగానే తేట నీళ్లయిపోతుంది. ఇలా ఏదైనా పాడయ్యే ప్రమాదం ఉంది కాబట్టి టిస్బే, అపోసైక్లాప్స్ టబ్బులకు కూడా వేర్వేరు గదుల్లో ఒక్కో చిన్న బ్యాకప్ ఉంచాను. ఒకటి పోతే మరోదాంతో మళ్లీ మొదలు.

ఆల్గీ వద్దు, ఈస్ట్‌తో పెంచొచ్చనే సలహా తరచూ వినిపిస్తుంది. పెరుగుతాయి. నీళ్లు కూడా పాడవుతాయి, అమ్మోనియా పెరుగుతుంది, బలంలేని పురుగులు వస్తాయి. టిస్బేకి అత్యవసరంలో చిటికెడు స్పిరులినా పొడి చాలు, ఈస్ట్ మాత్రం నేను మానేశాను. తిండి ఎంత వేయాలన్న లెక్క సులువే. నీళ్లు లేత ఆకుపచ్చగా కనిపించేంత పోయండి. ఒకటి రెండు రోజుల్లో తేటపడితే మళ్లీ పోయండి. తేటపడకపోతే ఆగండి.

టబ్బు లోతుగా కాకుండా వెడల్పుగా ఉండాలి. పైభాగం ఎక్కువైతే గాలి బాగా అందుతుంది, కరెంటు పోయి పంపు ఆగినా గంటల తరబడి ఇబ్బంది ఉండదు. ఎయిర్ స్టోన్ పెట్టకండి, సన్న బుడగలు వీటికి పడవు. ఉత్త ట్యూబులోంచి సెకనుకు ఒకటి రెండు పెద్ద బుడగలు వస్తే సరిపోతుంది. నీళ్లకు మామూలు ఇంటి ఆర్‌ఓ సరిపోదు. మంజీరా, కృష్ణా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, బోరు నీళ్లు గట్టివి. ఆర్‌ఓ తర్వాత మిగిలిన లవణాలను లాగేసే డీఐ రెజిన్ తగిలించి, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల కొలత) సున్నాకు తెచ్చాకే ఉప్పు కలుపుతాను. సముద్రపు లవణీయత వెయ్యికి 35 వంతులు, టబ్బుల్లో కూడా నేను దాదాపు అంతే ఉంచుతాను.

మన ఊరి వేసవి ఈ లెక్కలన్నిటినీ తలకిందులు చేస్తుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, యుటిలిటీలో ఉన్న ఐదు లీటర్ల జాడీ గతి ఏమిటో ఊహించుకోండి. ఏసీ లేని గదిలో నీళ్లు 33, 34 డిగ్రీలకు చేరతాయి. వేడెక్కిన నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది, బ్యాక్టీరియా పెరుగుతుంది. పైగా పొడి గాలికి నీళ్లు ఆవిరై ఉప్పు చిక్కబడుతుంది. తగ్గిన నీళ్ల స్థానంలో ఉప్పు కలపని డీఐ నీళ్లే పోయాలి. ఏప్రిల్ నుంచి తొలకరిదాకా టిస్బే డబ్బాను నీళ్లు చల్లబరిచే చిల్లర్ ఉన్న ట్యాంకు కింది తొట్టి, అంటే సంప్‌లో తేలేలా కట్టేస్తాను. ఖర్చు లేకుండా 26 డిగ్రీలు దొరుకుతుంది. అపోసైక్లాప్స్‌ను బెడ్‌రూమ్‌లో ఒక మూలకు మారుస్తాను, ఎయిర్ పంపు రొద గురించి ఇంట్లోవాళ్ల మాటలు పడతాను. మృగశిర కార్తెకు ఊరంతా చేపలు తినే హడావిడిలో ఉంటే మా ఇంట్లో చేపకు తిండి బతికించే హడావిడి.

కోతకు 53 మైక్రాన్ల జల్లెడ కొనండి, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. టబ్బులోని మూడో వంతు నీళ్లు వడకట్టి, జల్లెడలో మిగిలినవి మంచి ఉప్పునీళ్లతో కడిగి, రాత్రి లైట్లు, పంపులు ఆపాక పిప్పెట్‌తో రాళ్ల దగ్గర వదలాలి. నురగతో మురికి తీసే స్కిమ్మర్, యూవీ దీపం కూడా కాసేపు ఆపాలి, లేకపోతే పెంచినవన్నీ వాటి పాలే. సంప్‌లో కీటోమార్ఫా నాచు వేసి ఒక అర ఉంచితే చేపలకు అందని చోట అవి సంతతి పెంచుకుంటాయి. అది కుదిరిన ట్యాంకులకు బయటి కల్చర్ అవసరం బాగా తగ్గుతుంది. నేనూ ఇప్పుడు ముందున్నంత తరచుగా కోయడం లేదు.

ఖర్చు గురించి అడిగితే, పరికరాలన్నీ కలిపినా రెండు మూడు సీసాలు కొన్న డబ్బుకి అటూ ఇటూగా వస్తుంది. పోయేది టైమే. రోజూ పది నిమిషాలు, సెలవుల్లో కూడా. వారం ఊరెళ్తే ఎవరికైనా అప్పగించాలి. అది కుదరనివాళ్లు మాండరిన్ జోలికి పోకపోవడమే మంచిది.

కొనేముందు ట్యాంకు చరిత్ర ఒకసారి గుర్తుచేసుకోండి. అందులో ఎప్పుడైనా చేపల జబ్బుకు కాపర్ మందు వాడి ఉంటే, ఆ రాళ్లు, ఇసుక దాన్ని పీల్చుకుని తర్వాత మెల్లగా వదులుతాయి. కోపీపాడ్‌లు రొయ్యలకు బంధువులే, కాపర్ వాటికి విషం. సెకండ్ హ్యాండ్ రాళ్లు కొనేవాళ్లు ఈ ప్రశ్న తప్పకుండా అడగాలి. నా ఆసుపత్రి ట్యాంకు బకెట్టు, ట్యూబులు ఇప్పటికీ బాల్కనీలోనే ఉంటాయి, వాటి మీద ఎర్ర టేపు చుట్టి పెట్టాను.