కొత్త కోచ్‌కు మార్కులు: వేలం చూసి వేయాలా, పట్టిక చూసి వేయాలా?

ఐపీఎల్‌లో మన సన్‌రైజర్స్‌కు కొత్త కోచ్ వచ్చినప్పుడల్లా హైదరాబాద్ అభిమానులు అతనికి రెండుసార్లు మార్కులు వేస్తారు. ఆటగాళ్ల వేలంపాట ముగిసిన రాత్రి ఒకసారి, సీజన్ అయ్యాక పాయింట్ల పట్టిక చూసి మరోసారి. ఈ రెండింటికీ పొంతన కుదరడం అరుదు. డానియల్ వెట్టోరీ విషయంలో అసలు కుదరలేదు.

2023 ఆగస్టులో ఆయన్ను కోచ్‌గా తీసుకునే నాటికి జట్టు పట్టికలో అట్టడుగున, పదో స్థానంలో ఉంది. ఆ డిసెంబరులో దుబాయ్ వేలంలో పాట్ కమిన్స్‌కు 20.5 కోట్లు పెట్టారు, తర్వాత కెప్టెన్సీ కూడా అప్పగించారు. ఒక్క బౌలర్‌కు అంత డబ్బా అని నొసలు చిట్లించిన వాళ్లు చాలామంది. అదే వేలంలో 6.8 కోట్లకు వచ్చిన ట్రావిస్ హెడ్ ఊసెత్తిన వాళ్లు తక్కువ. మార్చి 27న ఉప్పల్‌లో ముంబైపై 277, ఏప్రిల్‌లో బెంగళూరుపై 287 పరుగులు కొట్టేసరికి, నొసలు చిట్లించిన వాళ్లే వెట్టోరీ ముందుచూపును మెచ్చుకోసాగారు. చెపాక్ ఫైనల్లో 113కే కుప్పకూలినా ఆ మోజు తగ్గలేదు. 2025లో ఆరో స్థానంతో సరిపెట్టుకున్నాక తగ్గింది.

పట్టికతో చిక్కు ఇక్కడే. 277 వచ్చినా, 113కు ఆలౌటైనా వెనుక ఉన్నది ఒకే ఆలోచన: తొలి బంతి నుంచే బాదడం. దాన్నే ఒక ఏడాది తెగువ అన్నాం, మరుసటి ఏడాది మొండితనం అన్నాం. టామ్ మూడీ హయాంలో 2014, 2015ల్లోనూ జట్టు ఆరో స్థానమే. అప్పుడు ఆయన్ను మార్చేయలేదు కాబట్టే 2016లో ఆయన చేతిమీదుగా కప్పు వచ్చిందని నా నమ్మకం. 2021లో బేలిస్, 2022లో మళ్లీ మూడీ, 2023లో లారా: మూడు సీజన్లకు ముగ్గురు కోచ్‌లు, ఒక్కసారీ ప్లేఆఫ్స్ గడప తొక్కలేదు.

అందుకే నేను వేలం వైపే మొగ్గుతాను. అయితే చూడాల్సింది ధర కాదు, ఎవరి పని ఎవరికి అప్పగించారన్నది. 2024 మే 2న ఉప్పల్‌లో రాజస్థాన్‌కు ఆఖరి బంతికి 2 పరుగులు కావాలి. బంతి మన పేసర్ భువనేశ్వర్ కుమార్ చేతిలో ఉంది. పావెల్ ఎల్బీగా దొరికిపోయాడు, ఒక్క పరుగుతో గెలిచాం. 2014 నుంచి మనతో ఉన్న ఆ మనిషిని అదే ఏడాది నవంబరులో జెడ్డా వేలంలో బెంగళూరు 10.75 కోట్లకు తీసుకుపోయింది. మనవాళ్లు షమీకి 10 కోట్లు, ఇషాన్ కిషన్‌కు 11.25 కోట్లు పెట్టారు. షమీ గొప్ప బౌలరే, కానీ అతని బలం కొత్త బంతి, అంటే ఇన్నింగ్స్ తొలి ఓవర్లు. ఆఖరి ఓవర్ల సంగతేమిటని ఆ రాత్రి అడిగిన అభిమానులను, తొలి మ్యాచ్‌లోనే కిషన్ సెంచరీతో వచ్చిన 286 నోరు మూయించింది. ఆ వెంటనే వరుసగా నాలుగు ఓటములు. భువనేశ్వర్ మాత్రం ఆ సీజన్లో బెంగళూరు తరఫున కప్పు ఎత్తాడు.

ఇకపై ఏ కోచ్ వచ్చినా వేలం రాత్రి నేను వెతికేది, ఆఖరి రెండు ఓవర్లు ఎవరు వేస్తారన్న దానికి జవాబు. అది దొరికితే, పట్టికలో ఆరో స్థానంలో ఉన్నా మూడేళ్లు ఆగడానికి సిద్ధం.