పాతిపెట్టిన ముల్లంగి

మా తమ్ముడు జర్మనీలో ఉంటాడు. ఊరి చివర రైలు పట్టాల పక్కన వాడికో మడి ఉంది. నగరవాసులు కూరగాయలు పండించుకునే ఈ మడుల కోసం అక్కడ 1983లో ఏకంగా ఒక చట్టమే చేశారు. మడి 400 చదరపు మీటర్లు మించకూడదు, అందులో మూడో వంతైనా పండ్లూ కూరలూ వేయాలి. ప్రతి ఏడూ వాడు పంపే గుమ్మడికాయల ఫొటోలు చూసి నాకు కన్నుకుట్టేది. హైదరాబాదుకు నాలుగైదు గంటల దూరంలో అటువంటిది దొరక్కపోతుందా అని వెతికాను. దొరికింది, అదే నా ఖర్మ.

కర్నూలు ఊరు దాటాక కొంత దూరంలో ఉన్న తోట అది. ఏడాదికి 18,000 రూపాయలు కడితే 200 చదరపు అడుగుల మడికి మన పేరు పెడతారు. నీళ్లూ కలుపూ వాళ్లే చూసుకుంటారు, నెలకోసారి వెళ్లి మనం కోసుకోవాలి. ముందు ఒక రాత్రి ఉండి చూడమన్నారు. గదికి 3,200, రెండు పూటల భోజనం మనిషికి 450, ‘కోత అనుభవం’ మనిషికి 300. నలుగురికి కలిపి 6,200 అయింది, 3,000 ముందే కట్టాను.

డిసెంబరు రెండో శనివారం ఉదయం ఆరింటికి బయలుదేరాం. కర్నూలులో కొండారెడ్డి బురుజు చూశాం, మా అబ్బాయి మాత్రం ఫోనే చూశాడు.

గది గురించి ఎక్కువ చెప్పను. ‘పచ్చదనం మధ్య బస’ అని రాసిన కిటికీ తెరిస్తే ఎదురుగా జనరేటరు. వేడినీళ్లు అడిగితే బకెట్టుకు 50 అన్నారు. మధ్యాహ్నం ‘తోట కూరలతో భోజనం’ అని వడ్డించింది బంగాళాదుంప వేపుడు, క్యాబేజీ. అమ్మ పుట్టింది నంద్యాల దగ్గర రైతు ఇంట్లో. ఆవిడ వేపుడు ఒక ముద్ద తిని, వడ్డించే కుర్రవాడిని అడిగింది: “ఈ దుంపలు తోటలో ఏ మూల తవ్వారు నాయనా?” అతను సాంబారు తెస్తానని లోపలికి వెళ్లి మళ్లీ రాలేదు.

సాయంత్రం నాలుగింటికి కోత అనుభవం. ఫొటోల కోసం తలా ఒక గడ్డి టోపీ, వెదురుబుట్ట ఇచ్చారు. మడులు చూడముచ్చటగా ఉన్నాయి. మా అబ్బాయిని ముల్లంగి పీకమన్నారు. వాడు రెండు చేతులా పట్టి బలంగా లాగితే అది ఏ పట్టూ లేకుండా వచ్చేసి, వాడు వెనక్కి కూలబడ్డాడు. అమ్మ ఆ ముల్లంగిని తిప్పి చూసింది. ఒక్క పిల్లవేరు లేదు, కొస కత్తితో కోసి ఉంది, పైగా కడిగిన తెలుపు. ఏమీ అనకుండా పక్క మడికి వెళ్లి కొత్తిమీర లాగింది. కట్ట కట్టగానే వచ్చింది, అరటినార ముడితో సహా.

“ఇవి నాటినవి కావు, పాతిపెట్టినవి” అంది.

మా ఆవిడ నవ్వలేక గట్టు మీద కూర్చుండిపోయింది. నా డబ్బు కాబట్టి నాకు నవ్వు రాలేదు. మేనేజరును పిలిస్తే అతను ఏమాత్రం తడబడలేదు. “పంటకూ పంటకూ మధ్య ఖాళీ వస్తుంది కదా సార్, వచ్చినవాళ్లు ఉత్త చేతులతో వెళ్లకూడదని” అన్నాడు. మరి ఏడాది చందా కట్టినవాళ్ల మడులు ఏవని అడిగి, అతను వద్దంటున్నా వెనక్కి వెళ్లి చూశాను. వరసగా పేర్ల బోర్డులు ఉన్నాయి. బోర్డుల కింద నడుమెత్తు వయ్యారిభామ కలుపు తెల్లగా పూసి ఉంది. బోరు ఉందిగానీ మోటారుకు తీగ లేదు.

మిగతా 3,200 కట్టనన్నాను. గంటసేపు వాదన జరిగింది. తిన్న ఒక్క పూటకు 900 చేతిలో పెట్టి, రాత్రి ఏడింటికి సామాను కారులో వేసుకున్నాం. మొత్తం 3,900 గంగపాలు.

అమ్మ తమ్ముడు, అంటే మా మేనమామ, అనంతపురంలో ఉంటాడు. 44వ నంబరు రహదారి మీద సుమారు 150 కిలోమీటర్లు. దారంతా నేను తిడుతూనే ఉన్నాను, వెనక సీట్లో అత్తాకోడళ్లు అరటినార అని తలచుకుని నవ్వుతూనే ఉన్నారు. అంత రాత్రి వాళ్లింటి తలుపు తట్టలేక బస్టాండు దగ్గర లాడ్జిలో దిగాం. రెండు గదులు 2,200, దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి.

పొద్దున్నే మామయ్య వచ్చి జరిగింది విన్నాడు. “తోట చూడాలంటే అంత డబ్బెందుకురా, మా వీధి చివరే ఉంది” అన్నాడు. లేఅవుట్లలో పదో వంతు ఖాళీ స్థలం వదలాలి కదా, అలా పార్కుకని వదిలితే తుమ్మచెట్లు మొలిచిన పదిహేను సెంట్లు అది. ఇప్పుడు 22 కుటుంబాలు పన్నెండు అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పున ఒక్కో మడి చేసుకుంటున్నాయి. నెలకు 150 రూపాయలు. మూడు వారాలు కలుపు తీయకపోతే మడి తరవాతివాళ్లకు పోతుంది. ఎంత పెద్ద ఉద్యోగం చేసినవారైనా సరే.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు కురిసే జిల్లాలో పాలకూర ఎలా పెంచుతున్నారని అడిగితే మామయ్య వంగి మట్టి మీది పొరను పక్కకు తీశాడు. అంతా వేరుశనగ పొట్టు! మిల్లులో బస్తా 40 రూపాయలకు తెచ్చి బెత్తెడు మందాన పరుస్తారు. దాని కింద మట్టి చల్లగా, తడిగా ఉంది. డ్రిప్పు పైపు రోజుకు ఇరవై నిమిషాలు తిప్పితే చాలట. మొదట్లో ఇళ్లలోని తాగునీటి శుద్ధి యంత్రాలు వదిలేసే నీళ్లు పోసి చూశారు, ఉప్పుకు ఆకుల అంచులు మాడిపోయాయి. ఇప్పుడు బియ్యం, పప్పు కడిగిన నీళ్లే తెస్తారు. మూలన 200 లీటర్ల డ్రమ్ములో జీవామృతం అనే ద్రవ ఎరువు ఉంది: పది కిలోల ఆవుపేడ, పది లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, శనగపిండి, గుప్పెడు గట్టు మట్టి. రెండు రోజులు ఫోను వదలని మా అబ్బాయి ముక్కు మూసుకుని దాన్ని కర్రతో పది నిమిషాలు కలిపాడు. సవ్యదిశలోనే తిప్పాలని ఒక పెద్దాయన పక్కన నిలబడి కాపలా కాశాడు.

అంతా బృందావనం అనుకోకండి. నీళ్ల వంతు మీద ఇద్దరు నా ముందే కేకలేసుకున్నారు. వంకాయలు రాత్రిపూట మాయమవుతాయి. మరుగుదొడ్డి లేదు, ఎనిమిది దాటితే నీడ లేదు. ఇది చూడవచ్చేవాళ్ల కోసం పెట్టింది కాదు, తెలిసినవాళ్లు ఉంటేనే వెళ్లండి. వెళితే ఆరున్నరకే, పాత చెప్పులతో వెళ్లండి. డబ్బు అడిగే తోటకు వెళ్లదలిస్తే మడి చూడకముందే మోటారు వేయించండి, ఎరువు గుంత చూపించమనండి. ఈ రెండింటికీ సాకు చెబితే టోపీ పెట్టుకోకుండా కారెక్కండి.

ఎనిమిదింటికి కోసిన చిక్కుళ్లు పదింటికి మా అత్తయ్య చేతి కూరై వచ్చాయి. పక్కన జొన్నరొట్టె, వేరుశనగ పొడి. నాలుగో రొట్టె నేను వద్దన్నాను, అయినా తిన్నాను. మా ఆవిడ ఐదు తింది. లెక్క రాస్తున్నాను కాబట్టి రాయాలి.

ఇంటికి చేరేసరికి పెట్రోలు 5,100 అయింది. మర్నాడే కర్నూలు తోటవాళ్ల సందేశం: “మీ కోత అనుభవానికి ఐదు నక్షత్రాలు ఇవ్వండి.” నక్షత్రాలేమీ ఇవ్వకుండా, అరటినార ముడితో ఉన్న కొత్తిమీర కట్ట ఫొటో పెట్టాను. గంటలో ఫోను వచ్చింది. 1,500 వెనక్కి ఇస్తారట, ఫొటో తీసేయాలట. ఏం చేయమంటావని అమ్మను అడిగాను.

“ముల్లంగిది కూడా పెట్టు” అంది.