హేవ్‌లాక్‌లో స్కూబా కోర్సులు: ఓపెన్ వాటర్‌కి పూర్తి మార్కులు, అడ్వాన్స్‌డ్‌కి సగమే

ముందే చెప్పేస్తున్నా, స్కూల్ పేరు రాయను. కోర్సుల కోసం రెండుసార్లు వెళ్ళాను, రెండుసార్లూ నా డబ్బులే. మొదటిసారి వస్తుంటే వాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది, రెండోసారి కౌంటర్ దగ్గర గొడవ పెట్టుకుని వచ్చాను. అదే బోర్డు, అదే బోటు, అండమాన్‌లో అదే హేవ్‌లాక్ దీవి. (2018 నుంచి దాని పేరు స్వరాజ్ ద్వీప్, కానీ ఆటోవాళ్ళతో సహా అందరి నోటా ఇంకా హేవ్‌లాకే.)

మనవాళ్ళు అండమాన్ ప్యాకేజీలో చేసొచ్చి ‘స్కూబా చేశాం’ అని ఫొటోలు పెట్టేది చాలావరకు కోర్సు కాదండీ. దాన్ని డీఎస్‌డీ (డిస్కవర్ స్కూబా డైవింగ్) అంటారు, ఒక పూట ముచ్చట. ఈత రాకపోయినా పర్లేదు. కాసేపు క్లాసు చెప్పి, వెనక నుంచి మన సిలిండర్ పట్టుకుని, సైకిల్ నేర్చుకునే పిల్లాడి సీటు పట్టుకున్నట్టు తిప్పి తీసుకొస్తారు. 12 మీటర్లు దాటి తీసుకెళ్ళరు. నేనూ మా ఆవిడా మొదట అదే చేశాం. ఆవిడకి అది చాలు, ఇప్పటికీ ఆ ఫొటోయే డీపీ. నాకు మాత్రం ఒళ్ళు మండింది. పక్కనే రాయి కింద ఏదో కదులుతోంది, అటు తిరిగి చూద్దామంటే నా చేతుల్లో ఏమీ లేదు, ఆయన తిప్పితేనే తిరగాలి.

అందుకే మరుసటి ఫిబ్రవరిలో ఓపెన్ వాటర్ కోర్సుకి, అంటే సొంతంగా డైవ్ చేయడం నేర్పే మొదటి మెట్టుకి, ఒక్కడినే వెళ్ళాను. నాలుగు రోజులు, పుస్తకం, కార్డు, సామాను అద్దె అన్నీ కలిపి 30 వేలు దాటింది. ఈ కార్డుతో ప్రపంచంలో ఎక్కడైనా తోడు డైవర్‌తో కలిసి 18 మీటర్ల వరకు దిగొచ్చు. థియరీ అంతా ఆన్‌లైన్‌లో ఇంట్లోనే చదివేసుకోవచ్చు, ఆఖర్న 50 ప్రశ్నల పరీక్ష, 75 శాతం రావాలి. మన ఇంటర్ బ్యాచ్‌కి ఇదొక లెక్క కాదు. జాగ్రత్తగా నింపాల్సింది మెడికల్ ఫారం. ఆస్తమా, గుండె జబ్బు లాంటివి ఉంటే డాక్టర్ సంతకం లేకుండా దింపరు. మా బ్యాచ్‌లో ఒకతను జలుబు ఉన్నా లేదని టిక్కు పెట్టాడు. మూడు మీటర్లు దిగేసరికి చెవి పట్టుకుని పైకొచ్చేశాడు, ముక్కు మూసి గాలి ఊదినా చెవిలో ప్రెషర్ సర్దుకోలేదు. మూడు రోజులు ఒడ్డున కూర్చుని కొబ్బరిబోండాలు తాగాడు పాపం.

ఈత పరీక్ష గురించి అందరూ అనవసరంగా టెన్షన్ పడతారు. 200 మీటర్లు ఈదాలి, టైం లిమిట్ లేదు, తర్వాత 10 నిమిషాలు నీళ్ళ మీద తేలాలి. గోదావరి కాలవలో బెండు కట్టుకుని నేర్చుకున్న నా ఈత చూసి పక్కనున్న బెంగళూరు పిల్లలు నవ్వారు గానీ, పాసయ్యాను.

అసలు కష్టం మాస్కు దగ్గర. గుండెలోతు నీళ్ళలో, ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, మాస్కులోకి నీళ్ళు రానిచ్చి, తల కొంచెం పైకెత్తి ముక్కుతో ఊది ఆ నీళ్ళు బయటికి పంపమంటారు. వినడానికి ఇంతే. సిలిండర్ గాలి నోటితో పీలుస్తున్నప్పుడు ముక్కుకి నీళ్ళు తగిలాయంటే బుర్ర పనిచేయదు. మొదటిసారి లేచి నిలబడిపోయాను. రెండోసారీ అంతే. మూడోసారి ఉప్పునీళ్ళు మింగి దగ్గుతుంటే మా ఇన్‌స్ట్రక్టర్ నా పక్కకొచ్చి, “ఏటండీ, ఊపిరి బిగబట్టీసినారా? గాబరా పడకండి, మనకేం తొందర నేదు” అన్నాడు. పోర్ట్ బ్లెయిర్‌లో పుట్టి పెరిగిన మనిషి, తాతల కాలంలో శ్రీకాకుళం నుంచి వలస వెళ్ళిన కుటుంబమట. ఆ సముద్రం మధ్య ఆ యాస వినపడగానే సగం భయం పోయింది.

ఆ పూట బ్యాచ్‌లో మేం ముగ్గురమే. తక్కినవాళ్ళు అయిపోయి ఒడ్డుకెళ్ళినా నాతో ఇంకో ముప్పావుగంట నీళ్ళలోనే ఉన్నాడు. ముందు మాస్కు లేకుండా ముఖం నీళ్ళలో పెట్టి ఊరికే ఊపిరి పీల్చమన్నాడు, తర్వాత మాస్కులోకి కొంచెమే నీళ్ళు, తర్వాత సగం, తర్వాత నిండా. ఎనిమిదోసారో తొమ్మిదోసారో నీళ్ళన్నీ పోయి ఎదురుగా ఆయన బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఓకే చూపిస్తూ స్పష్టంగా కనపడ్డాడు. అక్కడ బొటనవేలు పైకి చూపిస్తే ‘శభాష్’ కాదు, ‘పైకి పోదాం’ అని అర్థం. అలవాటులో నేను అదే చూపించాను, నవ్వుకుంటూ పైకి తీసుకొచ్చాడు.

ఊపిరి బిగబట్టొద్దని అంతగా ఎందుకు మొత్తుకుంటారో కూడా ఆయనే చెప్పాడు. 10 మీటర్ల లోతులో ఒత్తిడి పైన ఉన్నదానికి రెట్టింపు. అక్కడ ఊదిన బెలూన్ పైకొచ్చేసరికి రెండింతలవుతుంది. ఊపిరి బిగబట్టి పైకొస్తే మన ఊపిరితిత్తులూ ఆ బెలూనే. ఆ తర్వాత ఎవరూ నాకు మళ్ళీ చెప్పాల్సిన పని పడలేదు.

నాలుగో డైవ్‌లో జరిగింది ఎలా రాయాలో తెలియట్లేదు. అప్పటిదాకా పైకి తేలడం, అడుగుకి పడడం, ఇదే వరస. ఒక్కసారిగా నీళ్ళలో ఉన్నచోటే ఆగిపోయాను. గట్టిగా పీలిస్తే జానెడు పైకి, వదిలితే జానెడు కిందికి, చేతులు కట్టుకుని. కింద చిలక చేప ఒకటి పగడాన్ని కొరుకుతుంటే ఆ టిక్ టిక్ వినపడుతోంది. ఆ 30 వేలు అక్కడే వసూలయ్యాయి.

ఇక గొడవ సంగతి. ఆ ఊపులో డిసెంబర్ ఆఖరి వారానికి, అదే స్కూల్లో తర్వాతి మెట్టు, అడ్వాన్స్‌డ్ కోర్సు బుక్ చేశాను. ఐదు డైవ్‌లు, అందులో డీప్, నావిగేషన్ తప్పనిసరి, 30 మీటర్ల వరకు అర్హత. పరీక్ష లేదు. వెళ్ళేసరికి మా శ్రీకాకుళం ఆయన లేడు, కొత్త కుర్రాడికి ఏడుగురం. నిబంధన ప్రకారం ఒక ఇన్‌స్ట్రక్టర్‌కి 8 మంది దాకా ఉండొచ్చు కాబట్టి తప్పు పట్టలేం, కానీ ముగ్గురికీ ఏడుగురికీ తేడా నీళ్ళలోకి దిగాక తెలుస్తుంది. నావిగేషన్ అంటే కాంపస్ పట్టుకుని నలుచదరంగా వెళ్ళి మొదలైన చోటికే రావాలి. నా వంతు ఒక్కసారే వచ్చింది, తప్పిపోయాను, అయినా ‘పాస్’ అని రాసేశాడు. లోతూ టైమూ చూపించే డైవ్ కంప్యూటర్ ఇద్దరికి కలిపి ఒకటే. సిలిండర్ గాలి నోటికి అందించే రెగ్యులేటర్ ఉంటుంది కదా, నాదాని మౌత్‌పీస్ చిరిగి ఊపిరితో పాటు నీళ్ళు వస్తున్నాయని బోటులోనే చెబితే “అడ్జస్ట్ చేసుకోండి సార్” అన్నారు. అడ్జస్ట్ చేసుకోవడానికి అదేమన్నా బస్సు సీటా? దిగనని కూర్చుంటే అప్పుడు దొరికింది ఇంకోటి.

డీప్ డైవ్ మాత్రం బాగుంది, అది సముద్రం గొప్ప. 28 మీటర్ల దగ్గర ఎర్ర రిబ్బన్ చూపిస్తే పాత చింతపండు రంగులో ఉంది, టార్చి వేయగానే మళ్ళీ ఎరుపు. నీళ్ళలో ముందు చచ్చిపోయే రంగు ఎరుపే.

వెళ్ళేవాళ్ళకి రెండు ముక్కలు. చివరి డైవ్‌కీ ఫ్లైట్‌కీ మధ్య కనీసం 18 గంటలు ఉంచుకోండి, ఆ రోజు రాధానగర్ బీచ్‌కి వాడుకోండి. డబ్బు కట్టేముందు ఫోన్ చేసి ‘బ్యాచ్‌లో ఎంతమంది, నేర్పేది ఎవరు’ అని అడగండి. నేను రెండోసారి అడగలేదు.

తర్వాతది రెస్క్యూ కోర్సు. మా శ్రీకాకుళం ఆయన ఇప్పుడు అదే దీవిలో వేరే చోట నేర్పుతున్నాడట, వాట్సాప్ చేస్తే “మార్చిలో రండి, రద్దీ ఉండదు” అన్నాడు. టికెట్లు చూస్తున్నాను.