వాడిన ఆడి ఈ-ట్రాన్: హైదరాబాద్‌లో ఎక్కడ కొనాలి?

2021లో భారత్‌లో విడుదలైన ఆడి ఈ-ట్రాన్ 55 అనే విద్యుత్ కారు కోసం నేను హైదరాబాద్‌లో ముగ్గురు అమ్మకందారులను కలిశాను: నేరుగా అమ్ముతున్న ఒక యజమాని, అన్ని కంపెనీల ఖరీదైన కార్లూ దొరికే ఒక పెద్ద షోరూమ్, తయారీ సంస్థకు చెందిన వాడిన కార్ల విభాగం.

అందరికంటే తక్కువ ధర యజమానిదే. సర్వీసు కాగితాలన్నీ జాగ్రత్తగా భద్రపరచిన ఆయన నిజాయితీ నాకు నచ్చింది. అయితే కొన్నాక లోపం బయటపడితే అడగడానికి ఎవరూ ఉండరు.

షోరూమ్‌లో కారు అద్దంలా మెరిసింది గానీ, బ్యాటరీ ఆరోగ్య నివేదిక కావాలని రెండుసార్లు అడిగినా ఛార్జింగ్‌తో ఇంకా ఎన్ని కిలోమీటర్లు వెళ్తుందని మీటర్ మీద కనిపించే అంచనానే చూపించారు. ఆ అంకె అంతకు ముందు రోజుల్లో కారు నడిపిన తీరును బట్టి, వాతావరణాన్ని బట్టి మారిపోతుంది కనుక దాన్ని నమ్మి లక్షలు పెట్టడం సరికాదు. పైగా అది వేరే రాష్ట్రపు రిజిస్ట్రేషన్, కాబట్టి నిరభ్యంతర పత్రం, మళ్లీ రిజిస్ట్రేషన్ తప్పవు.

నేను మూడో చోటే కొన్నాను. 95 కిలోవాట్ అవర్ బ్యాటరీలో మిగిలిన సామర్థ్యాన్ని పరికరంతో కొలిచి, ఆ నివేదికను నా చేతికిచ్చారు. ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల బ్యాటరీ వారంటీలో ఎంత మిగిలిందో రాతపూర్వకంగా తెలిపారు. ధర ఎక్కువే, బేరానికీ పెద్దగా చోటు లేదు. ఇంట్లో పెట్టుకునే ఛార్జర్ కారుతో వస్తుందో లేదో మాత్రం అడ్వాన్స్ ఇచ్చే ముందే తేల్చుకోండి.