పండక్కని ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేవాళ్లు జాగ్రత్త: చేరుస్తామన్న తేదీని యాప్‌లో మార్చేస్తున్నారు

కావలి, నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల నుంచి పండగలకి బట్టలు, వెండి సామాన్లు ఆన్‌లైన్‌లో తెప్పించుకునే వాళ్లందరికీ ఈ మాట చెప్పాలి. "భోగిలోపు గ్యారంటీగా చేరుస్తాం" అని అదనపు ఛార్జీ కట్టించుకుంటారు. ఆ తేదీ కనిపించే పేజీని డబ్బు కట్టిన నిమిషంలోనే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఆలస్యమయ్యాక వెతికితే అది అక్కడ ఉండదు.

మా అమ్మాయికి పెళ్లయ్యాక ఇది తొలి సంక్రాంతి. అల్లుడికి పట్టు పంచె, కండువా, అమ్మాయికి చీర ఒక వెబ్‌సైట్‌లో తీసుకున్నాం. అమ్మాయి ముచ్చటపడిన రంగు ఇక్కడి షాపుల్లో దొరకలేదు. జనవరి 12 కల్లా కావలికి చేరుస్తామన్నారు, దానికి ఎక్స్‌ప్రెస్ ఛార్జీ విడిగా కట్టించుకున్నారు. 12 సాయంత్రం మెసేజ్ వచ్చింది, "డెలివరీకి వచ్చాం, కస్టమర్ ఇంట్లో లేరు" అని. ఆ రోజు మా ఇంట్లో అరిసెల పాకం పడుతున్నారు. మా ఆవిడ, మా వదిన, పక్కింటి పెద్దమ్మ పొద్దుటి నుంచీ వాకిట్లోనే పొయ్యి పెట్టుకుని కూర్చున్నారు. గేటు తీసే ఉంది. మనిషి రాలేదు, ఫోనూ రాలేదు.

కాసేపటికి యాప్ తెరిచి చూస్తే జనవరి 12 పోయి జనవరి 18 అని ఉంది. పాత తేదీ ఆర్డర్ వివరాల్లో కూడా లేదు. పార్శిల్ కనుమ దాటాక 17న వచ్చింది. కొత్త అల్లుడికి పండగ పూట బట్టలు పెట్టకుండా ఎట్టా కుదురుతుంది? భోగి నాడు కొట్టుకి పరిగెత్తి ఉన్నవాట్లో ఏరుకుని మళ్లీ కొన్నాం.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఆ అబ్బాయి ఏమన్నాడో చూడండి. "సార్, మీకు ఇచ్చిన తేదీ 18. మేం ఒక రోజు ముందే ఇచ్చాం." వాళ్లే మార్చిన తేదీని తెచ్చి నాకే చూపిస్తున్నాడు! పట్టుబట్టలకి రిటర్న్ లేదన్నాడు, ఎక్స్‌ప్రెస్ ఛార్జీ అసలే వెనక్కి రాదన్నాడు. ఆర్డర్ పెట్టినప్పుడు వచ్చిన ఈమెయిల్‌లో 12వ తేదీ అట్టాగే ఉంది. అది లేకపోతే మా మాటకి విలువే లేదు.

చట్టం మాత్రం మన పక్కనే ఉంది. వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాలు 2020 జులైలో వచ్చాయి. చెప్పిన గడువు దాటి సరుకు ఇస్తే వెనక్కి తీసుకోననిగానీ, డబ్బు తిరిగివ్వననిగానీ అమ్మేవాడు అనకూడదని వాటిలో స్పష్టంగా ఉంది. సరుకు బాగానే ఉంది కదా అన్న జవాబు అక్కడ చెల్లదు. ఎవరి చేతుల్లోనూ లేని విపత్తు వల్ల ఆలస్యమైతే మాత్రం ఇది వర్తించదు. అది న్యాయమే. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు పార్శిల్ రాలేదని ఎవరం అడుగుతాం? కానీ సంక్రాంతి ఏటా జనవరిలోనే వస్తుంది. ఆ రద్దీ తెలిసే ఎక్స్‌ప్రెస్ అని డబ్బు తీసుకున్నారు. దాన్ని విపత్తు అంటే నేను ఒప్పుకోను.

ఫోన్లో వాదించడం వల్ల లాభం లేదు, రాతపూర్వకంగా అడగండి. ప్రతి ఈ-కామర్స్ సంస్థా ఫిర్యాదుల అధికారి పేరు, వివరాలు తన సైట్‌లో పెట్టాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. మేం ఆ ఈమెయిల్ జతచేసి రాశాం, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాం. అప్పటిదాకా కుదరదన్నవాళ్లు బట్టలు వెనక్కి తీసుకున్నారు, వాటి డబ్బు వేశారు. ఎక్స్‌ప్రెస్ ఛార్జీ ఇంకా ఇవ్వలేదు.

అందుకే ఆలస్యంగా వచ్చిన పార్శిల్‌ని విప్పేటప్పుడు వీడియో తీయండి, ట్యాగులు తెంపొద్దు. పార్శిల్ చేతికి రాకముందు ఫోన్లో ఎవరు అడిగినా ఓటీపీ చెప్పొద్దు. చెప్పిన క్షణం వాళ్ల లెక్కలో అది డెలివరీ అయిపోయినట్టే. కస్టమర్ కేర్ నంబరు గూగుల్‌లో వెతికి చేయొద్దు, ఆ సంస్థ యాప్‌లో ఉన్నదే చూసి చేయండి. రిఫండ్ వేస్తామని యూపీఐ పిన్ కొట్టమన్నారంటే వాడు దొంగ. మన ఖాతాలోకి డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి.

పిల్లలకి మలై కాజాలు, అరిసెలు కొరియర్‌లో పంపేవాళ్లు ఇంకొకటి గమనించాలి. సంతకం పెట్టే రసీదు మీద చిన్న అక్షరాలతో, నష్టం జరిగితే ఇంతవరకే ఇస్తామని అచ్చు వేసి ఉంటుంది. అలా సంతకం చేసిన షరతు కట్టుబడి ఉంటుందని 1996లో ఒక కొరియర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అమెరికాలో యూపీఎస్, ఫెడెక్స్ అనే కొరియర్ సంస్థలు కూడా ఆలస్యమైతే డబ్బు వాపసు అనే హామీని 2020 మార్చిలో కరోనా పేరుతో ఆపేశాయి. అంత పెద్ద సంస్థలే ఆపగా, ఇక్కడి కౌంటర్లో మనిషి నోటితో "రేపే చేరిపోద్దన్నా" అంటే ఏం నమ్ముతాం? ఆ మాటే రసీదు మీద రాయించుకుని తేదీ వేయించండి. రాయనంటే పాలతో చేసినవి పంపొద్దు.

ఎంత అడిగినా కదలకపోతే నెల్లూరులో, ఒంగోలులో జిల్లా వినియోగదారుల కమిషన్లు ఉన్నాయి. కంపెనీ బెంగళూరులో ఉన్నా, ఢిల్లీలో ఉన్నా కేసు మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేసుకోవచ్చు. కేసు వేయడానికి గడువు రెండేళ్లు. ఎక్స్‌ప్రెస్ ఛార్జీ కోసం మేం వేయబోయేది అక్కడే. ఇలాగే తేదీ మార్చి ఇబ్బంది పెట్టిన వాళ్లు మీకూ ఎదురైతే ఈమెయిళ్లు, మెసేజ్‌లు తీసేయకుండా ఉంచండి.